నేర్పిన జవాబులు

1995 మార్చి 19

ఆయన్ని ఇంటికి తెచ్చాం.

అంబులెన్సులోంచి దింపుతుంటే క్వార్టర్ల వాళ్ళందరూ బాల్కనీల్లోకి వచ్చి చూశారు. జనవరిలో ఇవే మెట్లు దిగి, చలికి స్కూటర్ స్టార్టు కాక నాలుగు తన్నులు తన్ని, దాన్ని నోటికొచ్చినట్టు తిట్టి, పొగమంచులో పరేడ్ రిహార్సల్‌కి వెళ్ళిన మనిషి. రాజ్‌పథ్‌దాకా వెళ్ళనే లేదు. ధౌలా కువాఁ దగ్గర ట్రక్కు కొట్టింది. ఆ పూట సంగతి నేను గుర్తు చేసుకోను. రాయను కూడా.

తల ఎడమవైపు సొట్టపడి ఉంది. మెదడు వాపు తగ్గేదాకా అని పుర్రెముక్క ఒకటి తీసి, పాడవకుండా ఆయన పొట్ట మీద చర్మం కిందే దాచారు. జూన్‌లో మళ్ళీ పెడతారట. ఈ ముక్క అత్తయ్యకి ఎలా చెప్పాలా అని ఇన్నాళ్ళూ నాన్చి ఇవాళ చెప్పాను. ఆవిడ కొడుకు పొట్ట మీద చెయ్యి వేసి చాలాసేపు కూర్చుంది. "నేను మోశా వీణ్ణి. ఇప్పుడు వాడి తలకాయ వాడే మోసుకుంటన్నాడు" అంది. ఏడవలేదు. ఆవిడ ఏడవకపోతే నాకు ఒళ్ళు మండుతుంది. ఏడిస్తే ఇంకా మండుతుంది.

ప్రీతి తలుపు పక్కన నక్కి నిలబడింది. పదమూడేళ్ళొచ్చాయి, కన్నతండ్రి దగ్గరికి రావడానికి భయం. పిలవమంటే 'పాపా' అని పిలిచింది. ఆయన ఫ్యాను వంక చూస్తున్నారు.

మార్చి 22

ఇవాళ కొంచెం నయం.

మార్చి 29

కొంచెం నయం అని మొన్న ఎందుకు రాశానో నాకే తెలీదు. ఏం నయం? కుడిచేతిలో పట్టు లేదు. అన్నం ముద్ద పెడితే బుగ్గన ఉంచుకుని కూర్చుంటారు, మింగమని నేను చెప్పాలి. దాహమైతే అడగలేరు. నాలుక బయటపెట్టి పెదవులు తడుపుకుంటుంటే మేమే కనిపెట్టి పట్టాలి. మాట మొదలుపెడితే 'అది... అది...' అని, ఆ అది ఏమిటో దొరక్క కళ్ళలో నీళ్ళు.

ఈయన గొంతు పెద్దదని నా పెళ్ళిచూపుల్లోనే మా నాన్న భయపడ్డాడు. డ్రిల్ నేర్పే హవల్దారు గొంతు మరి, పెద్దది కాక చిన్నదై ఉంటుందా? కొత్తగా చేరిన కుర్రాళ్ళు కుడి ఎడమ తెలియకుండా వస్తే వాళ్ళందరినీ ఒకే అడుగు వేసేటట్టు చెయ్యడం ఆయన పని. పటాలంలో ఆయన్ని పేరుపెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. ఉస్తాద్ అంటే సదాశివరావే. ఇంట్లో కూడా 'ఏమే, టీ' అంటే పక్క బ్లాకులో పంజాబీ ఆవిడ కూడా పొయ్యి వెలిగించేదని నవ్వేవాళ్ళం. ఇప్పుడు ఇంట్లో ఎంత నిశ్శబ్దంగా ఉందంటే కుక్కరు కూస్తే అత్తయ్య ఉలిక్కిపడుతోంది.

ఏప్రిల్ 6

ఇవాళ రాయడానికి ఉంది!

పొద్దున కిటికీ తీశాను. గ్రౌండులో ఎవరో కుర్రాళ్ళకి డ్రిల్ చెప్పిస్తున్నారు. 'సావధాన్' అని వినపడింది. మంచం మీద ఆయన కాళ్ళు రెండూ దగ్గరికి చేరాయి. చేతులు పక్కలకి అతుక్కుపోయాయి. ఆ తర్వాత నోట్లోంచి 'విశ్రామ్' అని వచ్చింది. గాజుగ్లాసులు కదిలేటట్టు వచ్చింది. నేను గరిటె కింద పడేశాను.

పరుగెత్తుకెళ్ళి 'సావధాన్' అన్నాను నేనే. నా పిల్లి గొంతుకే కాళ్ళు చేరాయి. 'దాహినే ముడ్' అంటే పడుకునే కుడివైపు తిరిగారు. కుడి ఏదో తెలిసింది! డ్రిల్ మాటలన్నీ ఒకదాని తర్వాత ఒకటి, నడవమనే తేజ్ చల్, వెనక్కి తిరగమనే పీఛే ముడ్, ఆగమనే థమ్, అన్నీ ఉన్నాయి, ఒక్కటీ పోలేదు. చింత చచ్చినా పులుపు చావలేదని నవ్వుతూనే ఏడ్చాను. ప్రీతి కూడా వచ్చి నిలబడి చూసి నవ్వింది. ఆ దరిద్రపు జనవరి తర్వాత ఈ ఇంట్లో నవ్వు ఇదే.

మనిషి లోపలే ఉన్నాడు. తలుపు ఎటువైపు ఉందో దొరికింది.

ఏప్రిల్ 18

ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మేజర్ కురియన్ అని మలయాళీ డాక్టరమ్మ. సన్నగా, నెమ్మదిగా మాట్లాడుతుంది. నేను డ్రిల్ సంగతి గొప్పగా చెప్పుకున్నాను. ఆవిడ సంతోషిస్తుందనుకున్నాను. తలూపి, అది మాట కాదంది. ఏళ్ళతరబడి అన్న మాటలు మెదడులో వేరేచోట ఉంటాయట, పాలు పొంగితే మనం ఆలోచించకుండానే స్టవ్ ఆర్పేస్తామే, అలాగట. అంకెలు చదవడం, దేవుడి స్తోత్రాలు, తిట్లు, ఇవన్నీ మిగిలిపోతాయట. నీళ్ళు కావాలని తనంతట తను అడగడం వేరట. వారానికి రెండుసార్లు మాటల క్లాసుకి తీసుకురమ్మంది. తక్కువ అడగండి, ఎక్కువసేపు ఆగండి, జవాబు మీరు అందించకండి అంది.

జూలైలో మెడికల్ బోర్డు ఉందని కూడా చెప్పింది. ముగ్గురు డాక్టర్లు కూర్చుని చూస్తారు. ఉద్యోగానికి పనికొస్తాడంటే ఉంచుతారు. పనికిరాడంటే పంపించేస్తారు.

దారంతా నాకు ఒకటే మాట. పనికిరాడని కాగితం మీద రాస్తే ఇంక ఈయన కోసం ఎవరు ప్రయత్నిస్తారు? ఇప్పుడు రోగి. రోగికి నయమవుతుంది. పనికిరానివాడికి ఏమవుతుంది? బోర్డులో నెగ్గాలి. నెగ్గితే నయమైనట్టే. నాకు అంతకంటే తెలియదు, తెలుసుకోను కూడా.

మే 3

మొదలుపెట్టాను.

మంచం మీద కూర్చోబెడితే లాభం లేదు. నిలబెట్టి కదమ్‌తాల్ చేయించాను, ఉన్నచోటే కాళ్ళు ఎత్తి దించడం. కుడికాలు కొంచెం ఈడుస్తుంది గానీ తాళం తప్పదు. ఆ అడుగులమీద ప్రశ్న అడగాలి, అడుగుమీదే జవాబు రావాలి. నంబర్? ర్యాంక్? నామ్? ఈ మూడూ ఎలాగూ నోట్లోనే ఉన్నాయి, అవి పటాలం నేర్పినవి. వాటి వెనకాల నావి తగిలిస్తున్నాను. యూనిట్? షహర్? సాల్? పత్నీ కా నామ్? బేటీ కా నామ్? ఊరు, ఏడాది, పెళ్ళాం పేరు, కూతురి పేరు. చిన్నప్పుడు మా బళ్ళో ఎక్కాలు ఇలాగే నేర్పారు, ఊగుతూ, పాడుతూ. రెండో ఎక్కం ఎవరన్నా అర్థం చేసుకుని నేర్చుకున్నారా? వచ్చేసిందంతే.

ఎంతోమందికి ఉస్తాద్ అయిన మనిషికి నేను ఉస్తాద్‌నయ్యాను. ఆయనకి తెలిస్తే చెవి మెలిపెడతారు.

మే 11

'షహర్ దిల్లీ' అన్నారు. నేను అందించలేదు.

మే 12

'పత్నీ కా నామ్ అరుంధతి.' అన్నారు. అన్నారు. అన్నారు.

మే 24

ఎండ. నీళ్ళు పొద్దున గంటసేపే. కూలర్‌లో పొయ్యడానికి నీళ్ళు లేక తడిబట్ట కట్టి కూర్చోబెట్టాను. అయినా పాఠం మానలేదు. ఇప్పుడు సాల్ దాకా గుక్క తిప్పుకోకుండా వస్తోంది.

ప్రీతి మీద చెయ్యి చేసుకున్నాను. బడికి సెలవులు, తోచక పక్కన కూర్చుని తను కూడా అడుగుతానంది. సరే అన్నాను. అది తిన్నగా అడగదే! ముందు 'బేటీ కా నామ్' అంది. ఆయన నంబరు చెప్పారు. తర్వాత 'షహర్' అంది. 'హవల్దార్' అన్నారు. అది నావైపు తిరిగి, "మమ్మీ, పాపా సమఝ్ నహీఁ రహే. రట్టా మార్ రహే హైఁ" అంది. అర్థం చేసుకోవట్లేదట, బట్టీ పడుతున్నారట. తిక్కతిక్కగా అడిగితే ఎవరికైనా తడబాటు రాదా? వరసలో అడిగితే అన్నీ చెప్తున్నారు కదా! బోర్డువాళ్ళు పెద్దవాళ్ళు, వరసలోనే అడుగుతారు. అదే చెప్పి ఒకటి వేశాను. ఏడుస్తూ నానమ్మ దగ్గరికి వెళ్ళింది. అత్తయ్య మెంతికూర కట్ట విప్పి కొడుకు ముందు పెట్టింది, ఇద్దరూ ఆకులు తుంచుతూ కూర్చున్నారు. ఆవిడకి అదే వైద్యం. మాట్లాడదు, మాట్లాడించదు. ఊరికే పక్కన కూర్చుంటే మెదడు బాగవుతుందా?

జూన్ 13

పుర్రెముక్క తిరిగి పెట్టారు. సొట్ట పోయింది. కట్టు మీద టోపీ పెడితే అచ్చం మామూలు మనిషే.

జూన్ 27

అద్దమంత స్పష్టంగా మాట్లాడారు ఇవాళ. నేను వంటింట్లో ఉన్నాను. వెనకనుంచి, "కాసిని నీళ్ళిస్తారా అండీ" అని వినపడింది. ఎవరొచ్చారా అని తిరిగి చూస్తే ఆయనే! తనంతట తను లేచి, గోడ పట్టుకుని నడిచి వచ్చి, నీళ్ళు అడిగారు. తనంతట తను అడగడం వేరు అన్నావు కదమ్మా కురియనమ్మా, ఇదిగో అడిగారు.

గ్లాసు తీసుకుని, "చాలా థాంక్సండీ" అని కూడా అన్నారు. పదిహేనేళ్ళ కాపురంలో 'ఏమే, ఒసేయ్' తప్ప ఎరగను. దెబ్బ తగిలితే తగిలింది గానీ మర్యాద పట్టుబడిందని అత్తయ్యతో వేళాకోళమాడాను. ఆవిడ నవ్వలేదు. ఆవిడ దేనికి నవ్వుతుంది గనక.

జూలై 3

కాళ్ళు ఆడించకుండా జవాబు చెప్పడం నేర్పుతున్నాను. కుర్చీలో కూర్చుని కదమ్‌తాల్ చేస్తే బోర్డువాళ్ళు ఏమనుకుంటారు? ఇప్పుడు కాళ్ళు కదలవు. బూటు లోపల వేళ్ళు మాత్రం ఆడతాయి. అది ఎవరికి కనపడుతుంది.

జూలై 9

మాటల క్లాసులో కురియన్ మేడం నన్ను పక్కకి పిలిచింది. ఇంట్లో ఏమన్నా నేర్పిస్తున్నారా అని అడిగింది. లేదన్నాను. ఆయనకి ఏది రాదో నేను చూడాలి, అది కనపడకపోతే నేను సాయం చెయ్యలేను అంది. తను సెలవు మీద కొట్టాయం వెళ్తోందట, బోర్డునాడు ఉండదట. మంచిదే అనుకున్నాను.

జూలై 18

నెగ్గారు.

నన్ను లోపలికి రానివ్వలేదు. తలుపు సందులోంచి విన్నాను. ముసలి కల్నల్‌గారు దాదాపు వరసలోనే అడిగారు. నామ్, నంబర్, షహర్, సాల్. మా ఆయన గొంతు గంట కొట్టినట్టు. మొదట్లో నామ్ అడిగితే నంబరు చెప్పారు గానీ కల్నల్‌గారు నవ్వి 'ఫౌజీ హై' అన్నారు, సిపాయి కదా అని. పెళ్ళాం పేరు అడగకముందే చెప్పేశారు. మరో డాక్టరు దానికీ నవ్వాడు. లేచి సెల్యూట్ కొట్టారు, కుడిచెయ్యి కనుబొమదాకా వెళ్ళింది, అదీ నేర్పాను.

ఆరు నెలలపాటు తేలికపని, ఆ తర్వాత మళ్ళీ చూస్తామన్నారు. డ్యూటీలో చేరాక ఇంక వారానికి రెండుసార్లు మాటల క్లాసుకి రానక్కర్లేదన్నారు. అదీ పోయింది, పీడా వదిలింది.

కరోల్ బాగ్ వెళ్ళి అరవవాళ్ళ కొట్లో కాఫీపొడి తెచ్చాను. ఫిల్టరు కాఫీ కలిపి ఇస్తే తాగారు. నయమైంది. అందరూ వినండి, మా ఆయనకి నయమైంది.

ఆగస్టు 2

చేరారు. స్టోరులో కూర్చోబెట్టారట, దుప్పట్లు మడతపెట్టే పని. యూనిట్ కుర్రాడొకడు వచ్చి తీసుకెళ్తాడు, సాయంత్రం దింపుతాడు. యూనిఫారంలో చూసి మొక్కుకున్నాను.

ఆగస్టు 9

బాగానే ఉంది.

ఆగస్టు 17

బాగానే ఉంది. ఇంటికొచ్చాక ఒక్కమాట లేదు. అలసట కదా.

ఆగస్టు 30

బాగానే ఉంది. పాంటు తడుపుకుని వచ్చారు. వాన అని చెప్పాడు ఆ కుర్రాడు. వాన లేదు.

సెప్టెంబరు 21

ఇవాళ ఢిల్లీకి పిచ్చెక్కింది. వినాయకుడు పాలు తాగుతున్నాడట. పొద్దున్నించి ప్రతి గుడి ముందూ లైన్లే, గ్లాసులు, చెంచాలు పట్టుకుని. పాలబూతులో చుక్క లేదు. ఆఫీసర్ల భార్యలు కూడా కార్లు దిగి నిలబడ్డారు. ప్రీతి నవ్వింది, సైన్సు టీచరు చెప్పిందట, రాయి తడిని పీలుస్తుందట, ఇంకేదో అట.

నేను నిలబడ్డాను. చాలాసేపటికి నా వంతు వచ్చింది. చెంచా తొండం దగ్గర పెడితే పాలు తగ్గాయి. నా కళ్ళతో చూశాను. కింద పూజారి కాళ్ళ దగ్గర పాలు మడుగు కట్టి ఉన్నాయి, అదీ చూశాను. అయినా తాగాడనే ఇంటికొచ్చి చెప్పాను. అత్తయ్య అడిగింది, నిజంగా తాగాడా అని. తాగాడన్నాను. ఊరు ఊరంతా చెప్తుంటే నేనొక్కదాన్ని తాగలేదనాలా?

ఆయనకి ఆ చెంచాతోనే మిగిలిన పాలు పట్టాను. సగం గడ్డం మీద కారాయి.

సెప్టెంబరు 28

మూడుసార్లు రాసి కొట్టేశాను. ఏదన్నా ఒకటి రాయాలి.

సుబేదార్ హర్‌పాల్ సింగ్‌గారు ఆయన్ని జీపులో తీసుకొచ్చారు. ఈయనకి పై అధికారి, పాత స్నేహితుడు. ఆరడుగుల సర్దారు, గుమ్మంలో నిలబడి లోపలికి రాలేకపోయారు. కుర్చీ వేస్తే అంచుమీద కూర్చున్నారు.

ఈయన రోజూ దుప్పట్లు వదిలేసి స్టోరు వాకిట్లో నిలబడి గ్రౌండువైపు చూస్తుంటారట. చూడలేకపోయారట సుబేదార్‌గారు. ఒక్కసారి కుర్రాళ్ళ ముందు నిలబెడితే సంతోషిస్తాడు కదా అనుకున్నారట. ఇవాళ పొద్దున కొత్త కుర్రాళ్ళ స్క్వాడ్ ఒకటి ఈయనకి అప్పగించారు. ఈయన నిటారుగా అయిపోయారట. 'తేజ్ చల్' అన్నారట. పాత గొంతే, గ్రౌండంతా తిరిగి చూసిందట. కుర్రాళ్ళు నడిచారు.

గ్రౌండు చివర థమ్ అనాలి. అనలేదు. ఆజ్ఞ లేకుండా ఆగకూడదు, గోడ అడ్డమొచ్చినా సరే. ఈ రూలు పటాలంలో ప్రతి కుర్రాడికీ నేర్పింది ఈయనే. వాళ్ళు ఆగలేదు. గేటు దగ్గర సెంట్రీకి ఏం చెయ్యాలో తెలియక అడ్డకర్ర ఎత్తాడు. రోడ్డుమీదకి వెళ్ళిపోయారు. బస్సువాడు బ్రేకు వేశాడు గానీ ముందు వరస కుర్రాడికి తగిలింది. చెయ్యి విరిగింది. ప్రాణానికి ఏం లేదు. మణిపూర్ వాడట, పద్దెనిమిదేళ్ళు.

సుబేదార్‌గారు గ్రౌండు ఇవతలినుంచి అరుస్తూ పరుగెత్తారట. ఈయన గ్రౌండు మధ్యలో ఉన్నచోటే కాళ్ళు ఎత్తి దించుతున్నారట. నోరు తెరిచి ఉందట. థమ్ కోసం వెతుకుతున్నాడని తెలుస్తూనే ఉందట. మొహమంతా చెమట. చివరికి గొంతు వచ్చింది. గ్రౌండు దద్దరిల్లేటట్టు అరిచారట. నంబర్, ర్యాంక్, నామ్, యూనిట్, షహర్ దిల్లీ, సాల్ ఉన్నీస్ సౌ పంచానవే, పత్నీ కా నామ్ అరుంధతి. మళ్ళీ మొదటినుంచి. మళ్ళీ.

థమ్ రావలసినచోట నా పేరు వచ్చింది.

"గల్తీ మేరీ హై, బహన్‌జీ" అన్నారు సుబేదార్‌గారు, తప్పు నాది అని. గడ్డంలోకి కన్నీళ్ళు కారుతున్నాయి. కాదు అని నేను చెప్పాలి. టీ తాగి వెళ్ళమన్నాను.

సెప్టెంబరు 29

ప్రీతి నావైపు చూడట్లేదు.

అక్టోబరు 5

మళ్ళీ బోర్డు వేస్తారట. నవంబరులో.

ఆయన మంచం దిగట్లేదు. కిటికీ మూసే ఉంచుతున్నాం, డ్రిల్ వినపడితే చెవులు మూసుకుంటున్నారు. 'సావధాన్'కి కాళ్ళు చేరట్లేదు. ఉన్న ఒక్కటీ పోయింది. మొదటికే మోసం తెచ్చాను.

పొద్దున అలవాటుగా ఆయన ముందు నిలబడి, "మీ పేరేంటండీ" అన్నాను. ఎందుకన్నానో! ఇంకోసారి మొదటినుంచి మెల్లగా చేద్దామనుకున్నానేమో. ఆయన రెండు చేతులూ తలమీద పెట్టుకుని గోడవైపు తిరిగారు. అత్తయ్య వచ్చి నా జబ్బ పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళింది. ఆవిడ ఎప్పుడూ నన్ను ముట్టుకోలేదు అలా.

"నువ్వు అడిగేదానికి నీకు జవాబు తెలుసు గదే. తెలిసిందాన్ని ఎందుకు అడగటం? వాడికి నీ మొగం చూస్తే పరీక్షే గుర్తొస్తంది. ఇన్ని నెలల్లో నీకు తెలవంది ఒక్కటన్నా అడిగావా వాణ్ణి?"

నాకు కోపం వచ్చింది. నేను కష్టపడకపోతే ఇంత కూడా వచ్చేదా అన్నాను. ఆవిడ, "ఏమొచ్చింది?" అంది. వెటకారంగా కాదు. నిజంగానే అడిగింది.

అక్టోబరు 8

ఏమీ అడగలేదు. ఆయనా ఏమీ చెప్పలేదు.

అక్టోబరు 14

కురియన్ మేడం దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాను. అంతా చెప్పాను, కాళ్ళ తాళం, వరస, బూటులో వేళ్ళు, అన్నీ. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. మొదటి ఏడాదే ముఖ్యమని చెప్పింది. ఆ తర్వాత కూడా రావచ్చు గానీ చాలా నెమ్మదిగా, చాలా కొంచెం. మాటల క్లాసులు ఆగిపోయిన నెలల గురించి ఆవిడ మాట్లాడలేదు. నేనే అడిగాను, ఆ నెలలు పోయినట్టేనా అని. అలా ఆలోచించవద్దంది. అంటే పోయినట్టే.

అక్టోబరు 16

అత్తయ్యతో, ఆయనతో కూర్చుని ఆకు తుంచాను. ఆయన కాడలు ఒకవైపు, ఆకులు ఒకవైపు వేస్తున్నారు. నేను కలిపేస్తుంటే నా చేతిలోంచి తీసుకుని వేరు చేశారు. నా వంక చూడలేదు.

అక్టోబరు 23

దీపావళి. టపాసులకి భయపడతారని చెవుల్లో దూది పెట్టాం. ప్రీతి కాల్చనంది. నేను కాల్చమన్నాను. కాల్చలేదు. ముగ్గురం ఆయన చుట్టూ కూర్చుని తలుపులన్నీ వేసుకుని ఢిల్లీ అంతా పేలుతుంటే విన్నాం.

నవంబరు 2

నాకు తెలియంది ఏం అడగాలో కూడా తెలియట్లేదు. నొప్పిగా ఉందా అని అడగబోయి మానేశాను. ఉందంటే ఏం చెయ్యగలను? నేనెవరో తెలుసా అని అడగాలి. అదొక్కటే నాకు తెలియంది. జూన్ నుంచి తెలియంది. 'నీళ్ళిస్తారా అండీ' అన్నరోజు అత్తయ్య ఎందుకు నవ్వలేదో నాకు ఆ రోజే తెలుసు. తెలియనట్టు రాసుకున్నాను.

అడగను.

నవంబరు 16

బోర్డు.

ఈసారి ఏమీ నేర్పలేదు. తలదువ్వి, స్వెటరు తొడిగి తీసుకెళ్ళాను. బయట బెంచీమీద కూర్చుంటానన్నాను గానీ ఆయన లోపల వణికిపోతున్నారని కురియన్ మేడమే వచ్చి నన్ను పిలిచింది. ఆవిడ ఈసారి బోర్డులో ఉంది. బల్ల వెనక ముగ్గురు, బల్ల ముందు ఆయన. ఆయన పక్కన ఇంకో కుర్చీ ఖాళీగా ఉంది. నాకు కూర్చోబుద్ధి కాలేదు, ఆ కుర్చీ వెనక నిలబడ్డాను.

ఆ ముసలి కల్నల్‌గారే. నామ్ అన్నారు. ఆయన నోరు తెరిచి మూశారు. నంబర్ అన్నారు. లేదు. పదిహేడేళ్ళు నిద్రలో లేపినా చెప్పిన నంబరు. బూటులో వేళ్ళు కదులుతాయేమోనని చూశాను, కదల్లేదు. కల్నల్‌గారు పాత కాగితాలు తిరగేసి నావంక ఒకసారి చూశారు. నేను తల దించుకున్నాను.

అప్పుడు కురియన్ మేడం కాగితాలు పక్కన పెట్టి, నావైపు చెయ్యి చూపించి, ఈవిడ ఎవరు అని అడిగింది హిందీలో, మెల్లగా. అడిగి ఊరుకుంది. ఫ్యాను లేదు, గడియారం లేదు, ఏ చప్పుడూ లేదు. అరుంధతి అని అందించాలని నా నాలుక కొట్టుకుంటోంది. పళ్ళు బిగించాను.

ఆయన కుర్చీలో పూర్తిగా ఇటు తిరిగారు. నా మొహం చూశారు. ఈ పది నెలల్లో ఆయన నన్ను చూడగా నేను చూడలేదు. నుదురు, కళ్ళు, మెడలో గొలుసు, కుర్చీ వీపు పట్టుకున్న నా చేతులు, అన్నీ ఒక్కొక్కటే చూశారు. ఆలోచిస్తున్నారు. ఆలోచిస్తుంటే ఆయన పైపెదవి కొంచెం పైకి వెళ్తుంది, మరిచేపోయాను. తర్వాత మేడం వైపు తిరిగి తెలుగులో, నింపాదిగా చెప్పారు.

"ఎవరో తెలీదండీ. పాపం, బాగా అలిసిపోయింది. కూచోమనండి."

క్యా బోలా, ఏమన్నాడు అని ముగ్గురూ నన్నే అడిగారు. గదిలో తెలుగు వచ్చింది నా ఒక్కదానికే. మొదటి మాటే, మాలూమ్ నహీఁ అన్నారని చెప్పాను. కల్నల్‌గారు రాసుకున్నారు. పంపించేస్తారు, డిసెంబరుకల్లా క్వార్టరు ఖాళీ చెయ్యాలి. మా ఊరు కంభం వెళ్తాం. ఆయన ఇంక ఇంతే. ఇప్పుడది నాకు తెలుసు, కాగితం చూడక్కర్లేదు.

రెండోమాట వాళ్ళకి చెప్పలేదు. అది ఆయనకి ఎవరూ నేర్పలేదు. కుర్చీ వెనకనుంచి ఇవతలికి వచ్చి ఆయన పక్కన కూర్చున్నాను.